కెమెరా మార్చాలా, వద్దా?

మా బావకు కనిగిరిలో ఫోటో స్టూడియో ఉంది. మేనత్త కొడుకు, నాకంటే ఆరేళ్ళు పెద్ద. ముహూర్తాల రోజుల్లో అతను ఇంట్లో దొరకడు. మూఢం వచ్చిందంటే ఇంట్లోంచి కదలడు. మొన్న అలాంటి మూఢం రోజుల్లోనే ఫోను చేసి, "ఒకసారి వచ్చిపో బావా, ఒక సంగతి తేల్చుకోవాలి" అన్నాడు. పొలం గట్టు తగాదా కాబోలు, లేకపోతే పిల్లకు సంబంధం వచ్చింది కాబోలు అనుకుంటూ బస్సెక్కాను. తీరా వెళ్ళి కూర్చున్నాక తెలిసింది, తేల్చుకోవలసింది కెమెరా సంగతి!

నవ్వకండి. పెళ్ళి ఫోటోలు తీసి సంసారం ఈదే మనిషికి కెమెరా అంటే రైతుకు ఎద్దుల జత వంటిది. ఎద్దు ముసలిదైతే నడకలో తెలిసిపోతుంది. కెమెరా ముసలిదైందని ఎక్కడ తెలుస్తుంది? అదీ బావ ప్రశ్న.

అతని దగ్గర ఉన్నది నికాన్ డి700. 2008 జూలైలో ప్రకటించిన కెమెరా. పన్నెండు మెగాపిక్సెళ్ళు. పాత రోజుల ఫిలిం చట్రం ఎంత ఉండేదో అంత పెద్ద సెన్సారు. దానినే ఫుల్ ఫ్రేమ్ అంటారు. బావ దాన్ని 2013లో హైదరాబాదు కోఠీలో, గుజరాతీ గల్లీలో, సెకండ్ హ్యాండుగా కొన్నాడు. ఏడాదికి పాతిక పెళ్ళిళ్ళు, పెళ్ళికి ఎనిమిది వందల ఫోటోలు - మీరే గుణించుకోండి. షట్టరును లక్షా యాభై వేల సార్లు కొట్టించి పరీక్షించామని కంపెనీవారు చెప్పుకున్నారు. బావది లక్షా తొంభై వేలు దాటాక ఒకనాడు మొరాయించింది. కొత్త షట్టరు వేయించాడు, మళ్ళీ నడుస్తోంది. చేతిపట్టు దగ్గర రబ్బరు ఊడిపోతే జిగురు పెట్టి అతికిస్తాడు. ఎండాకాలం రాగానే మళ్ళీ ఊడుతుంది, మళ్ళీ అతికిస్తాడు. మా మేనత్త దాన్ని చూసినప్పుడల్లా, "నా మోకాళ్ళలాగే ఉందిరా నీ పెట్టె" అంటుంది.

ఈ కుటుంబానికి కెమెరా మార్చడం కొత్త కాదు. మా మామయ్య కాలంలో ఆ స్టూడియోలో రెండు కళ్ళ యాషికా ఉండేది. ఊటీలో ప్రభుత్వం 1960లో పెట్టిన హిందూస్థాన్ ఫోటో ఫిలింస్ వారి 'ఇందు' ఫిలిం వేసేవాడు. కనిగిరి నీళ్ళ సంగతి తెలిసిందే కదా. ఫ్లోరైడు నీళ్ళని పేరు పడిన ఊరు. ఆ బోరు నీళ్ళలో కడిగితే నెగెటివు ఆరాక తెల్లటి మరకలు కట్టేవని, వాన పడ్డప్పుడు పట్టి దాచిన నీళ్ళతో ఆఖరి కడుగు కడిగేవాడు. వాన నీళ్ళు అయిపోతే మేనత్త తాగే బిందె మీద కన్ను పడేది. ఆ పోట్లాటలు నాకు బాగా గుర్తు. ఇప్పుడు యాషికా గాజు బీరువాలో ఉంది. ఊటీ ఫ్యాక్టరీ కూడా మూతపడింది.

సరే, ప్రస్తుతానికి వస్తాను. స్టూడియోలో బావ దగ్గర ఒక కుర్రాడు పని చేస్తున్నాడు. చురుకైనవాడు. అద్దం లేని కొత్త కెమెరాలు, అంటే మిర్రర్‌లెస్, కొని తీరాలని అతని పట్టు. "ఎవరైనా అడిగేది రీల్సే కదన్నా. మనదాంట్లో వీడియోనే లేదు" అంటాడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అది నిజం. డి700లో వీడియో బొత్తిగా లేదు. పొదిలి నుంచి వీడియో తీసేవాణ్ణి పిలిపించి డబ్బివ్వడం బావకు మామూలైపోయింది. దీనికి తోడు పెళ్ళివారి ఎత్తిపొడుపులు వేరే. "మా ఫోనే యాభై మెగాపిక్సెళ్ళు, మీ కెమెరా పన్నెండేనా?" అని ఒక పెళ్ళికొడుకు అడిగాడట. ఆ మాట బావకు ముల్లులా గుచ్చుకుంది.

ఈ మెగాపిక్సెళ్ళ లెక్క మనలో చాలామందికి బోధపడని మాట. డి700 ఫోటో అడ్డం 4256 చుక్కలు, నిలువు 2832 చుక్కలు. ఈనాటి పెళ్ళి ఆల్బం రెండు పేజీలు విప్పితే ముప్పై ఆరు అంగుళాలు. ఒకే ఫోటోను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా పరిస్తే అంగుళానికి నూట పద్దెనిమిది చుక్కలు పడతాయి. అది కొంచెం పలచనే. మరి ఇరవై నాలుగు మెగాపిక్సెళ్ళ కెమెరా అయితే? రెట్టింపు కదా అనుకుంటాం. కాదు, నూట అరవై ఏడు. అర ఎకరం చెక్క ఎకరమైతే గట్టు పొడవు రెట్టింపవుతుందా? ఇదీ అంతే. పైగా ఆల్బంలో పేజీ నిండా ఒకే ఫోటో ఎన్నిసార్లు వేస్తారు? ఒకటి, మహా అయితే రెండు. మిగతావన్నీ ముక్కలు ముక్కలుగా పేర్చినవే. ఇక రోడ్డు మీద కట్టే ఫ్లెక్సీని అంత దూరం నుంచి చూస్తాం కనుక దానికి పన్నెండైనా ఎక్కువే.

లెక్కలు ఎవరు నమ్ముతారు? కళ్ళతో చూద్దామనుకున్నాం. మూఢం వెళ్ళాక మొదటి ముహూర్తానికి నేను మళ్ళీ వెళ్ళాను. పామూరు దారిలో ఒక పల్లెలో పెళ్ళి. రాత్రి ముహూర్తం. బావ స్నేహితుడొకడు తన కొత్త మిర్రర్‌లెస్‌ను ఒక రాత్రికి ఎరువిచ్చాడు. అది ఇరవై నాలుగు మెగాపిక్సెళ్ళది. బావ చేతిలో పాతది, కుర్రాడి చేతిలో కొత్తది. పందిట్లో వెలుతురు అంతంత మాత్రం. పురోహితుడి నెత్తిన ఒక ఎల్.ఇ.డి. దీపం, పెళ్ళికూతురి వెనక చీకటి. ఇద్దరూ ఐ.ఎస్.ఓ. 3200 మీద పెట్టి తీశారు.

మర్నాడు ఒంగోలు ల్యాబుకు పంపించి, రెండింటివీ పద్దెనిమిది అంగుళాల ప్రింట్లు వేయించి మేనత్త ముందు పరిచాం. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. చివరికి ఒకటి తీసి, "ఇది బాగుంది" అంది. ఎందుకని అడిగితే, "దీంట్లో పిల్ల నవ్వుతోంది" అంది. అది పాతదో కొత్తదో నేను చెప్పను. చెప్పినా లాభం లేదు. కుర్రాడు భూతద్దం పెట్టి చూసి నీడల్లో చుక్కలు వెదికాడు. తేడా ఉందంటే ఉంది, లేదంటే లేదు.

పాత సెన్సారు ఇంకా ఎలా నిలబడిందంటే, వాన పడేటప్పుడు వాకిట్లో గిన్నెలు పెట్టడం మీకు తెలుసుగా. వాకిలి ఎంతో అంతే. అందులో పెద్ద గంగాళాలు కొద్దిగా పెట్టినా, చిన్న చెంబులు బోలెడు పెట్టినా, పట్టే నీళ్ళు ఇంచుమించు ఒకటే. ఇక్కడ నీళ్ళకు బదులు వెలుతురు. కొత్త చెంబులకు కారడం తక్కువ, పాత గంగాళాలకు కొంచెం ఎక్కువ. రాత్రి పూట తేడా అంతే. మిట్టమధ్యాహ్నం మాత్రం వేరు. తెల్లటి ఎండలో, పందిరి నీడలో నల్లబడిన ముఖాన్ని తర్వాత కంప్యూటరులో పైకి తేవాలంటే కొత్త సెన్సారు సునాయాసంగా తెస్తుంది. పాతదాన్ని లాగితే మచ్చలు లేస్తాయి. ఇది నేనే లాగి చూశాను.

ఇంకో చోట కూడా కొత్తది గెలిచింది. తలంబ్రాలప్పుడు. ఇద్దరూ లేచి నిలబడి పోటీలు పడి పోసుకుంటుంటే పాత కెమెరా ఫోకస్ చుక్కలన్నీ చట్రం నడిమధ్యన గుంపుగా ఉంటాయి గదా, పెళ్ళికూతురు ఓ మూలకు జరిగిందంటే బావ కెమెరాను తిప్పి పట్టుకుని మళ్ళీ మళ్ళించాలి. కొత్తది ఎక్కడున్నా కన్ను వెదికి పట్టుకుంది. కుర్రాడు ఆ రాత్రి విజయగర్వంతో రెండు విస్తళ్ళు ఖాళీ చేశాడు. అయితే ఆ కెమెరా చప్పుడు చేయకుండా తీస్తుంది. ఒక ముసలావిడ నవ్వుతూ నిలబడి నిలబడి, "తీశావా లేదా అబ్బాయ్? బుగ్గలు నొప్పెడుతున్నాయి" అని అడిగింది. అప్పటికి ఆరు తీశాడు!

ఇక కొనేయడమేగా అంటారు. అక్కడే వచ్చింది చిక్కు. నికాన్ వారి పాత లెన్సుల గొళ్ళెం 1959 నాటిది. 2018లో ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ తెచ్చినప్పుడు గొళ్ళెం మార్చారు. పాత లెన్సులకు అడాప్టరు ఇచ్చారు కాని, బావ దగ్గరున్న నాలుగు లెన్సులూ 'డి' రకానివి. వాటిలో మోటారు ఉండదు. కెమెరాలో ఉన్న మోటారే వాటిని తిప్పుతుంది. ఆ అడాప్టరులో మోటారు లేదు. అంటే కొత్త కెమెరాకు తగిలిస్తే ఫోకస్ చేత్తో తిప్పుకోవలసిందే. తలంబ్రాల మధ్య చేత్తో తిప్పుతూ కూర్చుంటే పెళ్ళి అయిపోతుంది. కనుక కెమెరాతో పాటు లెన్సులూ కొనాలి. ఫైళ్ళు పెద్దవవుతాయి కనుక హార్డ్ డిస్కులు కొనాలి, నత్తలా నడిచే కంప్యూటరునూ మార్చాలి. గుర్రం కొన్నాక కళ్ళెం కొనలేమా అంటారు గాని, ఇక్కడ కళ్ళేలన్నీ కలిస్తే గుర్రం కంటే ఖరీదు. బావ చీటీ ఎత్తితే సరిపోవచ్చు. కాని ఆ చీటీ కూతురి కాలేజీ ఫీజుకని వేసింది.

"మరి వద్దులే బావా. పాతది బాగానే ఉందిగా. ఇంకో రెండేళ్ళు లాగించు" అన్నాను నేను. నా మటుకు నాకు లెక్క తేలిపోయింది.

ఆ రాత్రి మిద్దె మీద పడుకున్నాం. కనిగిరి కొండ నల్లగా కనిపిస్తోంది. బావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అసలు సంగతి చెప్పాడు.

రెండేళ్ళ క్రితం ఒక పెళ్ళి. బాగా తెలిసినవాళ్ళే. తెల్లవారి ఇంటికొచ్చి కార్డును కంప్యూటరుకు పెడితే తెరుచుకోలేదు. డి700లో కార్డు పెట్టే అర ఒక్కటే. రెండో ప్రతి ఎక్కడా ఉండదు. కార్డు పట్టుకుని ఒంగోలు పరుగెత్తాడు. అక్కడ ఎవరో తెలిసిన మనిషి రెండు రోజులు కూర్చుని చాలా మటుకు లాగాడు. జీలకర్ర బెల్లం వచ్చింది, తాళి వచ్చింది. నలభై ఆరు ఫోటోలు మాత్రం రాలేదు. అవి కన్యాదానానివి. పెళ్ళికూతురి తండ్రి అల్లుడి కాళ్ళు కడిగినవి.

బావ వెళ్ళి ఉన్న సంగతి చెప్పేశాడు. ఆ పెద్దమనిషి ఏమీ అనలేదు. "పోనీలే నాయనా, మిగతావి ఉన్నాయిగా" అని డబ్బు కూడా పూర్తిగా ఇచ్చాడు. ఆరు నెలలు తిరక్కుండానే ఆయన పోయాడు. పటం కట్టించడానికి మంచి ఫోటో కావాలని కొడుకు స్టూడియోకు వచ్చాడు. ఆ పెళ్ళి ఆల్బంలో ఆయన ఒంటరిగా, నిమ్మళంగా ఉన్న ఫోటో లేదు. పోయినవాటిలోనే ఉన్నాయి. చివరికి ఎవరో చుట్టం సెల్‌ఫోనులో తీసినదాన్నే పెద్దది చేసి కట్టించారు.

"కార్డు చెడడం కెమెరా తప్పు కాదు బావా, నాకు తెలుసు" అన్నాడు బావ. "కాని ప్రతి పెళ్ళిలోనూ కన్యాదానం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వణుకుతోంది."

నేను రెండు వారాలు మెగాపిక్సెళ్ళూ గంగాళాలూ లెక్కపెడుతూ కూర్చున్నాను. అతను తేల్చుకోవాలన్నది ఇది!

అక్కడి నుంచి పని సులువైంది. కావలసింది రెండు కార్డుల అర. ఏ ఫోటో తీసినా ఒకేసారి రెంటిలోనూ పడాలి. ఉన్న నాలుగు లెన్సులూ పని చెయ్యాలి. నికాన్‌లోనే డి750 అని 2014లో వచ్చింది. ఇరవై నాలుగు మెగాపిక్సెళ్ళు, రెండు కార్డులు, వీడియో కూడా ఉంది. పాత లెన్సులను తిప్పే మోటారు లోపలే ఉంది. ఫోకస్ చుక్కలు దీంట్లోనూ నడిమధ్యనే గుంపుగా ఉంటాయి. కన్ను వెదికి పట్టే విద్య కావాలంటే మాత్రం ఆశ వదులుకోవాలి. కుర్రాడు మొహం ముడుచుకున్నాడు. "2020లో డి6 తర్వాత ఈ రకం పెద్ద కెమెరా కొత్తది రానేలేదు. ఎండిన చెరువులో పడవ కొంటున్నావన్నా" అన్నాడు. అతని మాట అబద్ధం కాదు. నాలుగైదేళ్ళకు మళ్ళీ ఇదే పంచాయితీ రాక తప్పదు. అప్పటికి పిల్ల చదువు అయిపోతుంది.

బావా, నేనూ కలిసి గుజరాతీ గల్లీకి వెళ్ళాం. సెకండ్ హ్యాండు కొనేవారెవరైనా ఉంటే రెండు మాటలు వినండి. షట్టరు ఎన్ని దెబ్బలు తిందో దుకాణదారుణ్ణి అడగకండి. ఒక ఫోటో తీసి, మీ కార్డులో వేసుకుని చూడండి. ఆ అంకె ఫోటో ఫైలులోనే దాగి ఉంటుంది. రెండోది, మొదట్లో తయారైన కొన్ని డి750ల షట్టరులో లోపముందని నికాన్ వారే 2015లో ప్రకటించి ఉచితంగా బాగుచేసి ఇచ్చారు. సీరియల్ నెంబరు చూసి, ఆ పని జరిగిందో లేదో కనుక్కున్నాకే డబ్బు తియ్యండి. మేము మూడు పెట్టెలు కాదని నాలుగోది తీసుకున్నాం. దుకాణదారు పాతదాన్ని కూడా మార్పిడికి అడిగాడు. అతను చెప్పిన వెల విని బావ డి700ను మళ్ళీ సంచిలో పెట్టేసుకున్నాడు. అది ఇప్పుడు కుర్రాడి భుజాన ఉంది. తిట్టుకుంటూనే మోస్తున్నాడు.

తర్వాతి ముహూర్తానికి నేనూ వెళ్ళాను. కన్యాదానం అయింది. తాళి అయింది. తలంబ్రాల్లో ఫోకస్ తప్పినవి కొన్ని ఉన్నాయి, ఉంటాయి. తెల్లవారుజామున సామాను సర్దుతూ బావ కెమెరా అర తెరిచి రెండు కార్డులూ తీశాడు. ఒకటి తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు. రెండోది కుర్రాడి జేబులో పెట్టి బొత్తాం వేశాడు. "నువ్వు ఆ బండి మీద రా" అన్నాడు. ఇద్దరూ వేరు వేరు బళ్ళ మీద కనిగిరి చేరారు.