బాలగంధర్వ

కావ్యాలలో నాటకం రమ్యమైనదని పెద్దలు చెప్పారు. ఆ నాటకానికి సంగీతం తోడైతే దాని రమణీయత ద్విగుణీకృతమవుతుంది. మహారాష్ట్రంలో ఇటువంటి సంగీత నాటకానికి 1880లో అణ్ణాసాహెబ్ కిర్లోస్కర్ పూణేలో ప్రదర్శించిన ‘శాకుంతల్’ శ్రీకారం చుట్టింది. కాళిదాసు నాటకానికి అది మరాఠీ రూపం. పాత్రలు తమ మనోభావాలను రాగబద్ధమైన పాటలలో వెల్లడించడం ఈ నాటకాల ప్రత్యేకత. ఆ పాటలకే నాట్యసంగీతమని పేరు. దానిని శిఖరాగ్రానికి చేర్చిన నటగాయకుడు బాలగంధర్వ.

ఆయన అసలు పేరు నారాయణ శ్రీపాద రాజహంస. 1888 జూన్ 26న జన్మించారు. బాల్యంలో ఆయన గానం విన్న లోకమాన్య తిలక్ ‘బాలగంధర్వుడు’ అని ప్రశంసించారని ప్రతీతి. గంధర్వులు దేవలోక గాయకులు కదా! ఆ ప్రశంసయే ఆయనకు పేరుగా స్థిరపడింది. భాస్కర్‌బువా బఖలే వద్ద ఆయన శాస్త్రీయ సంగీతం అభ్యసించారు. 1905లో కిర్లోస్కర్ నాటక మండలిలో చేరి, శకుంతల పాత్రతో రంగప్రవేశం చేశారు.

కుటుంబ స్త్రీలు రంగస్థలం ఎక్కడాన్ని సంఘం అంగీకరించని కాలమది. అందువల్ల స్త్రీ పాత్రలను పురుషులే ధరించేవారు. బాలగంధర్వ నడకలో, చూపులో, పలుకులో స్త్రీ సహజమైన సౌకుమార్యాన్ని పలికించారు. ఆయన చీరకట్టునూ, అలంకరణనూ ఆనాటి స్త్రీలే అనుకరించారంటే ఆ నటన ఎంత సహజమో ఊహించవచ్చు. తెలుగు నాటకరంగంలో స్థానం నరసింహారావు స్త్రీ పాత్రలతో పొందిన ఖ్యాతి ఇటువంటిదే.

ప్రేక్షకులను బాలగంధర్వ ‘మాయ్‌బాప్’ అని సంబోధించేవారు. మాయ్ అంటే తల్లి, బాప్ అంటే తండ్రి. ఆ మాటకు ఆయన చెల్లించిన మూల్యం సామాన్యమైనది కాదు. 1911 మార్చి 12న ముంబయిలో ఖాడిల్కర్ రచించిన ‘మానాపమాన్’ తొలి ప్రదర్శన. ఆనాడే ఆయన పసికూతురు కన్నుమూసింది. ప్రదర్శన ఆగలేదు. శోకాన్ని గుండెలోనే అణచుకొని, సంపన్న కన్యయైన భామిని పాత్రలో ఆయన హావభావాలు ఒలికించారు.

1913లో గణపతరావ్ బోడస్, గోవిందరావ్ టేంబేలతో కలిసి ‘గంధర్వ నాటక మండలి’ని స్థాపించారు. 1916లో ‘స్వయంవర్’లో రుక్మిణిగా, 1919లో రామ్ గణేశ్ గడ్కరీ రచించిన ‘ఏకచ్ ప్యాలా’లో సింధుగా నటించారు. ‘ఏకచ్ ప్యాలా’ అంటే ‘ఒకే ఒక్క గ్లాసు’. మద్యానికి బానిసయైన భర్తతో కష్టాలు పడే ఇల్లాలు సింధు. పట్టుచీరలతో ప్రేక్షకులను మురిపించిన నటుడు, అతుకుల చీరతో వారిని కంటతడి పెట్టించారు. 1921లో తిలక్ స్వరాజ్య నిధి కోసం, పోటీ సంస్థ అధిపతియైన కేశవరావ్ భోసలేతో కలిసి ‘మానాపమాన్’ ప్రదర్శించారు. వృత్తిలోని పోటీ దేశకార్యానికి అడ్డు రాలేదు.

తల్లిదండ్రులకు సమర్పించేది శ్రేష్ఠంగా ఉండాలన్నది ఆయన నియమం. తబలాకు అహ్మద్‌జాన్ తిరక్వా, సారంగికి కాదర్‌బక్ష్ వంటి విద్వాంసులను తన సంస్థలో ఉంచుకున్నారు. ఖరీదైన దుస్తులు, ఆభరణాలు, తెరలు సమకూర్చారు. రాబడి ఎంత ఉన్నా వ్యయం దానిని మించింది. సంస్థ అప్పులలో మునిగింది. ఆయన నాటకాలు ఆడి ఆ ఋణాన్ని తీర్చారు గాని, లెక్కలు చూసుకొనే నేర్పు మాత్రం ఆయనకు అలవడలేదు. ఇది ఆయన కళానిష్ఠకు నీడ వంటి లోపం.

1930 దశకంలో మాటలాడే చిత్రాలు ప్రేక్షకులను ఆకర్షించాయి. రంగస్థలం మీదికి స్త్రీలు కూడా రాసాగారు. బాలగంధర్వ 1935లో వి. శాంతారామ్ దర్శకత్వంలో ‘ధర్మాత్మ’ చిత్రంలో ఏకనాథునిగా నటించారు. కాని ఎదుట ప్రేక్షకులు లేని నటన ఆయనకు రుచించలేదు. తిరిగి రంగస్థలానికే వచ్చారు. వయసు మీదపడినా, ఆదాయం తగ్గినా పాట మానలేదు. వార్ధక్యంలో కాళ్ళు పట్టుతప్పినప్పుడు కూర్చుండియే భజనలు ఆలపించారు.

1955లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1964లో పద్మభూషణ్ ఆయనను వరించాయి. 1967 జూలై 15న పూణేలో పరమపదించారు. మరుసటి ఏడాది ఆయన జయంతి నాడు పూణేలో ‘బాలగంధర్వ రంగమందిరం’ ప్రారంభమైంది. దానికి శంకుస్థాపన చేసినవారు ఆయనే.

ధనం ఆయన చేతిలో నిలువలేదు. గానం మాత్రం ప్రజల చెవులలో నిలిచింది. ప్రేక్షకులను తల్లిదండ్రులుగా భావించిన కళాకారుని, ఆ ప్రేక్షకుల సంతానం నేటికీ మరువలేదు.