ముక్కల మధ్య తెగిన పుంగనూరు

ఆంధ్రప్రదేశ్‌లో ఓటర్లు 4 కోట్లకు పైమాటే. పేరు, తండ్రి పేరు, ఊరు కలిపి తెలుగులో మనిషికో వరుస, వరుసకు 300 బైట్లు అనుకున్నా ఫైలు 12 జీబీ. 8 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్లో దాన్ని ఒక్కసారిగా తెరిస్తే మిషన్ మొరాయిస్తుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టడానికి అంత మెమరీ ఎందుకు? 4,096 బైట్ల చోటు చాలు. ఒక ముక్క చదివి, లెక్క రాసుకుని, అదే చోట తర్వాతి ముక్కను నింపుకోవడమే.

టేపుల కాలం నుంచీ ఉన్న ఈ పద్ధతికి నేటి రూపం ఇచ్చింది యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్. 1971లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ వాడిన పీడీపీ-11 మెమరీ మొత్తం 24 కేబీ. 16 సిస్టమ్‌కే పోగా ప్రోగ్రాములకు మిగిలింది 8. ఫైలేమో 64 కేబీ దాకా ఉండొచ్చు! అందుకే వాళ్ల ‘రీడ్’ ఆదేశం మూడే అడుగుతుంది: ఏ ఫైలు, ఎక్కడ పెట్టాలి, ఎన్ని బైట్లు. ఎన్ని అందాయో తిరిగి చెబుతుంది. సున్నా అంటే ఫైలు అయిపోయినట్టు. మన ఫోన్లలో నేటికీ నడిచేది అదే.

తంటా తెలుగు దగ్గర వస్తుంది. ‘పుంగనూరు’ మన కంటికి నాలుగక్షరాలే. యూనికోడ్ లెక్కలో ప, కొమ్ము, సున్న, గ, న, దీర్ఘపు కొమ్ము, ర, కొమ్ము: ఎనిమిది గుర్తులు. ఆ గుర్తులను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి 3 బైట్లు, వెరసి 24. సరిహద్దు ఊరు కుప్పంలో వినిపించే తమిళ, కన్నడ భాషల అక్షరాలకూ ఇదే లెక్క. 4,096ను 3తో భాగిస్తే 1 మిగులుతుంది. అంటే ముక్క చివర అక్షరం నిలువునా చీలవచ్చు. అక్షరం దక్కినా ‘పుంగ’ ఒక ముక్కలో, ‘నూరు’ మరోదానిలో పడితే ఆ ఊరు లెక్కకే రాదు.

విరుగుడూ థాంప్సన్ చేతిదే కావడం నాకు భలే ముచ్చట. 1992లో న్యూజెర్సీలోని ఓ హోటల్లో, పళ్లెం కింద పరిచే కాగితం మీద, రాబ్ పైక్‌తో కలిసి ఆయన యూటీఎఫ్-8 గీశాడు. ప్రతి తెలుగు గుర్తూ 224 అనే బైటుతో మొదలవుతుంది. తర్వాతి రెండూ 128–191 మధ్యే ఉంటాయి. వరుస ముగిసిందని చెప్పే 10 అనే బైటు అక్షరం నడుమ ఎన్నటికీ రాదు. కాబట్టి ముక్కలోని చివరి 10 దగ్గర ఆగి, మిగిలిన తోకను తర్వాతి ముక్క ముందు అతికిస్తే అక్షరమూ చీలదు, ఊరూ తెగదు.

మదనపల్లె, కుప్పం ఇంజినీరింగ్ విద్యార్థులకు ఒక మాట. ఇంగ్లిషు అక్షరానికి ఒకటే బైటు కాబట్టి అక్షరం చీలే తప్పు ఇంగ్లిషు పేర్లతో ఎప్పటికీ బయటపడదు. మీ ప్రోగ్రామును తెలుగు పేర్లతోనే పరీక్షించండి.