ఆపరేషన్‌కు ముందే చేతికొచ్చే తల నమూనా

బాయి సంగతి మందమర్రి వాళ్లకు కొత్తగా చెప్పనక్కరలేదు. బొగ్గు ఎక్కడుంది, నీళ్లు ఎక్కడున్నాయి, పైకప్పు ఎక్కడ బలహీనంగా ఉంది అని నక్షలో చూసుకున్నాకే లోపల దారి తీస్తారు. మెదడు ఆపరేషన్ కూడా అలాంటిదే. కణితి ఎంత లోతులో ఉంది, దాని పక్కనుంచి ఏ రక్తనాళం పోతోంది అన్నది పుర్రె తెరవకముందే తెలియాలి.

సీటీ స్కాన్ ఎముకను, ఎమ్మారై మెదడును పలుచని పొరలుగా చూపిస్తాయి. కంప్యూటర్‌లో ఆ పొరలను కలిపి ఎముక, నాళాలు, కణితి వేరువేరుగా గుర్తిస్తారు. త్రీడీ ప్రింటర్ ప్లాస్టిక్‌ను పొర మీద పొరగా పేర్చి, ఆ రోగి తల నమూనానే అసలు సైజులో తయారు చేస్తుంది. ఈ రకం యంత్రానికి అమెరికా ఇంజినీరు చార్లెస్ హల్ 1986లో పేటెంట్ పొందారు. డాక్టర్లు నమూనా మీద ముందుగా సాధన చేస్తారు. ఎక్కడ కోయాలో చూపే అచ్చును, పోయిన పుర్రె ముక్కకు బదులు అమర్చే పలకను కూడా ఇలాగే చేయవచ్చు. రోగి ఇంటివాళ్లకు విషయం చెప్పడమూ తేలికవుతుంది.

తలలు అతుక్కుని పుట్టిన వీణా-వాణీలు మనందరికీ తెలుసు. 2015లో నీలోఫర్ ఆసుపత్రికి వచ్చి వాళ్లను పరీక్షించిన లండన్ గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రి వైద్యులు ఒవైస్ జీలానీ, డేవిడ్ డనవే. జీలానీ కాశ్మీర్‌లో పుట్టినవారు. వీణా-వాణీలను విడదీయలేదు, వాళ్లు అలాగే చదువుకుని ఇంటర్ పాసయ్యారు. తర్వాత ఈ ఇద్దరు వైద్యులే పాకిస్థాన్‌లోని చార్సద్దాకు చెందిన సఫా, మర్వా అనే పసిపిల్లలను విడదీశారు. ముందుగా త్రీడీ నమూనాల మీద సాధన చేశారు. 2018 అక్టోబర్ నుంచి 2019 ఫిబ్రవరి వరకు మూడు విడతల్లో, మొత్తం 50 గంటలకు పైగా ఆపరేషన్ సాగింది.

దాతలు గమనించాల్సిన విషయం ఒకటుంది. ఇలాంటి ఆపరేషన్ ఏడాది లోపు చేస్తే మేలని జీలానీ అభిప్రాయం. డబ్బు కుదరక ఆలస్యమైంది. చివరికి ముర్తజా లఖానీ అనే వ్యాపారి ఖర్చు భరించేందుకు ముందుకొచ్చారు. అప్పటికి పిల్లలకు 19 నెలలు నిండాయి. నిపుణులు ఉన్నారు, యంత్రం ఉంది. ఆగిపోయింది డబ్బు దగ్గరే.

మన ఊళ్లో ఎవరికైనా మెదడు జబ్బు అంటే, అంత పెద్ద ఖర్చు ఒక్కరివల్ల కాకపోవచ్చు. కానీ మొదటి స్కాన్‌కు, హైదరాబాద్ ప్రయాణానికి, తోడు వెళ్లినవాళ్ల తిండికి చేసే సాయం మనవల్ల అవుతుంది. స్కాన్ లేనిదే నమూనా లేదు. సాయం ఎంత అన్నదానితో పాటు ఎప్పుడు అందింది అన్నదీ చూడాలి.