రెండు గర్భసంచులు.. రెండింట్లోనూ బిడ్డలు! కాన్పు ఎందుకంత రిస్క్? ఆదిలాబాద్ గర్భిణులు తెలుసుకోవాల్సిందేంటి?

బిడ్డ పుట్టింది. తల్లి ఇంటికెళ్లింది. 26 రోజులకు ఆమెకు మళ్లీ కడుపునొప్పి! 2019లో బంగ్లాదేశ్‌లోని జెస్సోర్ ప్రాంతంలో జరిగిన ఘటన ఇది. ఆస్పత్రిలో పరీక్షిస్తే డాక్టర్లే షాకయ్యారు. ఆమెకు రెండో గర్భసంచి ఉంది, అందులో కవలలు ఉన్నారు. వెంటనే సిజేరియన్ చేసి బాబును, పాపను బయటకు తీశారు. అదృష్టవశాత్తూ అందరూ క్షేమం. కానీ ఆ నిరుపేద తల్లికి అంతకుముందు ఒక్క స్కానింగ్ కూడా జరగలేదు.

రెండు గర్భసంచులు ఎలా వస్తాయి?

ఆడశిశువు తల్లి కడుపులో ఉన్నప్పుడే గర్భసంచి రెండు సన్నని గొట్టాలుగా మొదలవుతుంది. తర్వాత అవి కలిసి ఒక్కటవుతాయి. కలవకపోతే విడివిడిగా రెండు గర్భసంచులు ఏర్పడతాయి. దీన్నే యుటెరస్ డైడెల్ఫిస్ అంటారు. వెయ్యి మంది మహిళల్లో దాదాపు ముగ్గురికి ఇలా ఉంటుందని అంచనా. చాలామందికి ఆ సంగతే తెలియదు. ఇక ఒకేసారి రెండింట్లోనూ గర్భం రావడం పది లక్షల్లో ఒకరికి జరిగే అరుదైన విషయమని చెబుతారు.

రిస్క్ ఎక్కడంటే..

ఇలాంటి గర్భసంచి మామూలు దానికంటే చిన్నగా ఉంటుంది. బిడ్డకు చోటు సరిపోక నెలలు నిండకముందే కాన్పు కావొచ్చు. బిడ్డ అడ్డం తిరగడం, బరువు పెరగకపోవడం, గర్భస్రావం లాంటి ముప్పులూ ఎక్కువే. పైగా ఒక గర్భసంచికి నొప్పులు మొదలైనా రెండోదానికి రాకపోవచ్చు. అంటే డాక్టర్లు ఒకే తల్లికి రెండు కాన్పులు చూసుకోవాలి. కాన్పు తర్వాత రక్తస్రావంపైనా కన్నేసి ఉంచాలి.

ముందే తెలిస్తే ఏమవుతుంది?

అమెరికాలోని అలబామాలో 2023 డిసెంబర్‌లో అదే కనిపించింది. అక్కడి మహిళకు రెండు గర్భసంచుల్లోనూ బిడ్డలున్నట్టు 8 వారాలప్పుడే స్కానింగ్‌లో తేలింది. దీంతో డాక్టర్లు రెండు టీమ్‌లతో రెడీ అయ్యారు. డిసెంబర్ 19 రాత్రి మొదటి పాప నార్మల్‌గా పుట్టింది. దాదాపు పది గంటల తర్వాత, 20వ తేదీ ఉదయం రెండో పాపను సిజేరియన్ చేసి తీశారు.

మరి మన దగ్గర?

వానాకాలంలో వాగులు పొంగితే ఆదిలాబాద్ ఏజెన్సీలో గర్భిణులను ఆస్పత్రికి చేర్చడమే పెద్ద పరీక్ష. రిస్క్ ఉందని నొప్పులొచ్చాక తెలిస్తే అప్పటికే ఆలస్యమైనట్టే. ముందే తెలిస్తే కాన్పు తేదీకి కొద్దిరోజుల ముందే ఆదిలాబాద్ రిమ్స్ లాంటి పెద్దాస్పత్రికి చేరుకోవచ్చు.

అందుకే మొదటి మూడు నెలల్లోనే స్కానింగ్ చేయించుకోవాలి. గర్భం పెరిగాక రెండు గర్భసంచులను గుర్తించడం కష్టమవుతుంది. ప్రతి నెలా 9న సర్కారు దవాఖానల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. చెకప్‌లకు వెళ్లి రావడానికి 102 వాహనం ఉంది. రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, నెలలు నిండకుండానే నొప్పులు.. వీటిలో ఏది కనిపించినా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. కాన్పు అయ్యాక మళ్లీ నొప్పులొచ్చినా అంతే, తేలిగ్గా తీసుకోవద్దు.