స్టావ్: ఒక కొయ్య కథ

నార్వే, స్వీడన్, డెన్మార్కు దేశముల భాషలలో “స్టావ్” అను చిన్నమాట యొకటి కలదు. కర్ర, గుంజ, నిలువు కొయ్య అని దాని అర్థము. ఇంగ్లీషువారి “స్టాఫ్” దీనికి తోబుట్టువు. “కదలకుండ నిలుపుట” అను భావముగల ప్రాచీన ధాతువునుండి ఇవియు, మనమెరిగిన సంస్కృత “స్తంభ” శబ్దమును పుట్టినవని భాషావేత్తలు చెప్పుదురు. చుట్టరికము దూరపుదే గాని, లేనిది కాదు.

పూర్వము ఆ దేశములవారు రూనులను లిపిని కొయ్యపైనను రాతిపైనను చెక్కెడివారు. అందు పెక్కు అక్షరములకు నిలువుగీతయే ఆధారము. ఆ గీతకు స్టావ్ అని పేరు. క్రమముగ అక్షరమునకే ఆ పేరు వచ్చినది. నార్వేవారు నేటికిని అక్షరమును “బూక్‌స్టావ్” అందురు. అనగా పుస్తకపు కొయ్య.

పంచాంగమును కొయ్యయే. “ప్రిమ్‌స్టావ్” అను చెక్కపట్టీకి ఒకవైపు వేసవి దినములు, రెండవవైపు శీతకాల దినములు చెక్కి, ఏప్రిల్ 14, అక్టోబరు 14 తేదీలలో దానిని త్రిప్పి పెట్టుకొనెడివారు. పీపా చెక్కలును స్టావ్‌లే. కట్టు వదలిన పీపా చెక్కచెక్కగా విడిపోవును గదా! పరధ్యానమున మునిగినవానిని గూర్చి “స్టావ్‌లుగా విడిపోయినాడు” అనుట వారి జాతీయము.

అన్నిటికంటె ప్రసిద్ధమైనవి “స్టావ్‌కిర్కె”లు, అనగా గుంజల చర్చీలు. తొలుత గుంజలను నేలలో పాతెడివారు. తేమకు మొదళ్లు కుళ్లి అవి నశించెను. పిమ్మట వడ్రంగులు రాళ్లపై అడ్డదూలములు పరచి, వానిపై గుంజలు నిలిపిరి. మట్టి తగులని కొయ్య శతాబ్దముల కాలము నిలిచినది. 12వ శతాబ్దపు ఉర్నెస్ చర్చి ఇందుకు సాక్షి. 1979లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ సంపదగ గుర్తించినది.

ఇట్టివి ఒకప్పుడు వేయికి మించి యుండెనని పండితుల అంచనా. నార్వేలో నేడు మిగిలినవి 28. కొన్నింటిని 19వ శతాబ్దమున, చాలవని, పాతబడినవని ప్రజలే పడగొట్టిరి. బెర్గెన్ నగరమందలి ఫాంటోఫ్ట్ చర్చి 1992లో దహనమయ్యెను. దానిని మరల కట్టిరి. కాని కాలిన కొయ్య తిరిగి రాదు.

మాట నిప్పునకు కాలదు, తేమకు కుళ్లదు. కొయ్యకు ఆ భాగ్యము లేదు. దానిని నిలుపవలసినవారు మనుష్యులే.