కంప్యూటరుకు వెలుపలి స్విచ్
బైలదిలాలో 1968 నుండి ఇనుప ఖనిజం తవ్వుతున్నారు. కిరందుల్, బచేలి ఇళ్ళలో ఎర్రధూళికి జడిసి కంప్యూటరు పెట్టెను చెక్క బీరువాలో ఉంచినవారికి దాని స్విచ్ చేతికందదు. తీగలతో దానిని వెలుపలికి తెచ్చుకోవచ్చును; కాని ఒక భేదం ఎరిగి ఉండవలెను. పాత ఏటీ రకంలో స్విచ్ గుండా 230 వోల్టుల విద్యుత్తే ప్రవహించేది. దాని జోలికి పోరాదు. 1995లో ఇంటెల్ ప్రవేశపెట్టిన ఏటీఎక్స్ పద్ధతిలో స్విచ్ సంకేతం మాత్రమే ఇస్తుంది. మదర్‌బోర్డుపై అందుకై ఉన్న రెండు పిన్నులు క్షణకాలం కలిస్తే చాలు. కనుక కొత్త కాలింగ్‌బెల్ స్విచ్ ఒకటి కొనుటే ఉత్తమం. లైటు స్విచ్ పనికిరాదు; పిన్నులు సుమారు 4 సెకన్లు కలిసి ఉంటే యంత్రం ఆరిపోతుంది. ప్లగ్గు తీయనిదే పెట్టె విప్పరాదు. ఆపిన యంత్రంలోనూ 5 వోల్టులు నిలిచే ఉంటాయి. ఈ తీగలను ఇంటి వైరింగు గొట్టంలో కలుపరాదు. బీరువాకు గాలిరంధ్రాలు పెట్టించండి. లేనిచో ధూళి చేయని చెరుపు వేడి చేస్తుంది.