వీపున బిడ్డ, మగ్గమున గుడ్డ

తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తియై ఎడమకాలువ వెంబడి నీరు పారజొచ్చిన పిమ్మట, కోస్తా జిల్లాలనుండి తరలివచ్చి రాయచూరు జిల్లాలోని సింధనూరు, మాన్వి ప్రాంతములయందు వరిపొలములు చేసికొన్న తెలుగు రైతుల ఊళ్లను నేటికిని క్యాంపులనియే పిలుచుచున్నారు. నాట్ల కాలమున కూలితల్లులు గట్టుమీది చెట్టుకొమ్మకు చీర ఉయ్యాల కట్టి పసివానిని పరుండబెట్టుటయు, లింగసుగూరు వైపు తండాల లంబాడి స్త్రీలు బిడ్డను గుడ్డతో వీపునకు బిగించి నడచుటయు చూచినవారికి, బిడ్డను గుడ్డతో మోయుట క్రొత్తగా కనిపెట్టవలసిన విద్య కాదని తోచును. పట్టణములలోని నేటి తల్లులు అట్టి గుడ్డనే అధికమూల్యమునకు విదేశములనుండి తెప్పించుకొనుట చూచి, చంకన బిడ్డనుంచుకొని సంతంతయు వెదకినట్లున్నదని పెద్దలందురు. ఆ మాటలో న్యాయము కలదు, కాని కొంతయే. చేతికందిన ప్రతి గుడ్డయు నడకనేర్చిన బిడ్డ బరువును క్షేమముగా మోయజాలదు. మోయగల గుణము నేతలో నున్నది.

సాదా నేతలో పడుగును పేకయు లంబముగా కలియును. గుడ్డను నిలువుగాగాని అడ్డముగాగాని లాగినచో నూలుపోగే బరువునకు ఓర్చుకొనును గనుక అది స్వల్పముగా మాత్రమే సాగును. మూలనుండి మూలకు లాగినచో పోగులు సాగుటకు మారుగా వాని నడిమి కోణము మారి, చదరపు గళ్లు ఏటవాలై, గుడ్డ ఆ దిశకు ఒదిగి, విడిచినంతనే చాలవరకు పూర్వస్థితికి వచ్చును. బిడ్డ వీపును, పిరుదులును, తొడలును గుండ్రనివి. చదునైన గుడ్డ వానిని ముడుతలు పడక హత్తుకొనవలెనన్న ఈ వాలుసాగుడే శరణ్యము. మెక్సికో స్త్రీల రెబోజో వస్త్రముతో తన కవలలను మోసిన అనుభవముతో 1972లో ఎరికా హాఫ్‌మన్ అను జర్మను తల్లి నెలకొల్పిన డిడిమోస్ సంస్థ వస్త్రములు ప్రసిద్ధి కెక్కుటకు ఈ గుణమే మూలము. జీన్సు గుడ్డపై కానవచ్చు వాలుగీతల నేతలో పేకపోగు ఒకటికి మించిన పడుగుపోగులను దాటి మునుగును గనుక, పోగుల కలయికలు తగ్గి ఒదుగుదల హెచ్చును. చేనేతకు మరియొక మేలు కలదు: మరమగ్గముకంటె సామాన్యముగా దీనిలో పడుగు బిగింపు తక్కువ, కావున పోగులోని సహజమైన వంపు నిలిచి, బరువు పడినపుడు కొంచెము విచ్చుకొని మరల ముడుచుకొనును.

ముడి విడిపోవునేమో యను భయము సహజము. గుండ్రని దేహమునకు చుట్టిన గుడ్డయందు రాపిడి, చుట్టు హెచ్చినకొలది గుణకారముగా పెరుగునని ఆయిలర్ పేరిట ప్రసిద్ధమైన సూత్రము చెప్పుచున్నది. ఘర్షణగుణకము 0.3 అయినచో ఒక్క పూర్తి చుట్టుతో, ఒక కొననుండు లాగుడును దానిలో ఆరవవంతు కంటె తక్కువ బలముతో రెండవ కొన నిలుపగలదు. కావుననే ముతక నూలు నిలుచును, నున్నని పట్టు జారును.

ఏడాదిన్నర నిండిన మా మనుమరాలు 10 కిలోల బరువు తూగును. మా కోడలు దానిని ఈ ప్రాంతపు గుడ్డలతో వీపున కట్టుకొని నడచుచుండగా నేను పరీక్షగా చూచితిని. ముదుగల్లునకు పడమటనున్న ఇలకల్లు చీరలో ఒంటి పడుగును పైట పడుగును ఉచ్చులో ఉచ్చు దూర్చి కలుపుదురు. అది నేతగాని నేర్పునకు నిదర్శనమే అయినను, ఆ కలయికను బిడ్డ కూర్చుండుచోటికి రానీయక జాగ్రత్తపడవలెను. తూర్పున, కృష్ణా తుంగభద్రల నడిమి నేలలోనున్న గద్వాల చీరకు నూలు ఒళ్లును పట్టు అంచులును గనుక, వేర్వేరుగా సాగు ఆ రెండు నారలపై బరువు సమముగా పడదు. జరీ బిడ్డ తొడను గీరును. సన్నని చీర ఏదైనను కొంతసేపటికి భుజముపై త్రాడువలె ముడుచుకొని ఒరయును, ఏలయన బరువు అదియే అయినను అది పడు వైశాల్యము తగ్గినచో ఒత్తిడి హెచ్చును. గంజి పోవువరకు ఉతికిన ముతక చేనేత దుప్పటి మాత్రము భుజముపై వెడల్పుగా నిలిచెను, బిడ్డ నిద్రించెను.

చేతులతో మోయుటకంటె గుడ్డతో మోయుట సులువని తల్లులు చెప్పుమాటకు కొలత కూడ కలదు: 2007లో ప్రచురితమైన ఒక పరిశోధన ప్రకారము, చేతులతో బిడ్డను మోయుచు నడచుటకు, ఆధారముతో మోయుటకంటె సగటున 16 శాతము అధికశక్తి వ్యయమగును. బిడ్డ దేహమునకు కావలసినవి వేరు. మోకాళ్లు పిరుదులకంటె కొంచెము ఎత్తుగా, తొడలు ఎడముగా, గుడ్డ ఒక మోకాటి మడతనుండి రెండవ మోకాటి మడతవరకు ఆనవలెను; తుంటిగిన్నె మృదులాస్థిగా నుండు తొలిమాసములలో కాళ్లను చాచి బిగించుట హానికరము. గడ్డము రొమ్మున కానరాదు, ముక్కు కప్పబడరాదు. మెడ నిలువని శిశువును వీపున కట్టరాదు. వీపున నున్న బిడ్డ ముఖము తల్లికి కనబడదు గనుక, తొలిదినములలో ప్రక్కన మరియొకరు నిలిచి చూచుచుండుట, మంచముపై కూర్చుండి కట్టుకొనుట మేలు.

రాయచూరు వేసవియందు గాలి 40 డిగ్రీలు దాటును. గాలి చర్మముకంటె వేడియైనపుడు దేహము చల్లబడుటకు చెమట ఆవిరియగుట యొక్కటే మార్గము. తల్లి వీపునకు అంటిన బిడ్డ పొట్టకు ఆ మార్గము మూసికొనిపోవును. కావున ఆ మాసములలో ఒకే పొరగా కట్టి, ఉదయ సాయంకాలములలో కొద్దిసేపు మాత్రమే మోయవలెను.

ఇక బిడ్డను మోయుటకే ప్రత్యేకముగా గుడ్డ నేయించుకొనదలచినచో, చీర పన్నా మోతకు మిక్కిలి వెడల్పు. ముప్పాతిక గజము చాలును. సాదా నేతకు పడుగును విడదీయు కట్లు రెండు చాలును గాని, వాలునేతకు కనీసము మూడు, సాధారణముగా నాలుగు కావలెను. గద్వాల, ఇలకల్లు నేతగాండ్రు బహుక్లిష్టమైన అంచులను నేయుచున్నవారు. మగ్గమునకు మరి రెండు కట్లు చేర్చి, అంచునుండి అంచువరకు ఒకే నూలుతో, జరీ లేక, 5 గజముల గుడ్డ నేయుట వారికి కష్టము కానేరదని నా దృఢవిశ్వాసము. అడుగువారు ముందు కావలెను.